థీమ్ పార్క్ రెస్టారెంట్‌లో సరైన టేబుల్ దొరకాలంటే ఏం చేయాలి, దొరక్కపోతే ఏం అడగాలి

రైడ్ కోసం గంట లైన్లో నిలబడితే పెద్దగా బాధ ఉండదు, ఎందుకంటే అది ముందే అనుకుని వెళ్తాం. కానీ ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు లాగేస్తుంటే, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ఎప్పుడో బుక్ చేసుకున్న టేబుల్ కోసం తలుపు దగ్గర ఇంకో అరగంట నిలబడాలంటే మాత్రం నిజంగా ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత తీసుకెళ్ళి బాత్రూమ్ దారి పక్కన టేబుల్ ఇస్తే ఆ భోజనం రుచి కూడా తెలీదు. ఇందులో చాలా వరకు ముందే జాగ్రత్త పడొచ్చు, కొంత అక్కడికక్కడ అడిగి సరిచేయించుకోవచ్చు. కాకపోతే లోపల పని ఎలా నడుస్తుందో తెలిసుంటే, ఏది ఎప్పుడు అడగాలో తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, మనం బుక్ చేసేది టేబుల్‌ని కాదు, టైమ్‌ని. ఒంటిగంటకి బుకింగ్ ఉందంటే ఒంటిగంటకి మన పేరు మీద ఒక టేబుల్ ఖాళీగా పెట్టి ఉంచుతారని చాలామంది అనుకుంటారు, అలా ఎక్కువ చోట్ల జరగదు. ఆ టైమ్‌కి వస్తే మనకి సరిపోయే టేబుల్ ఖాళీ అవగానే బుకింగ్ లేనివాళ్ళ కంటే ముందు మనల్ని పిలుస్తారు, అంతే. టోక్యో డిస్నీ రిసార్ట్ వాళ్ళు దీన్ని రిజర్వేషన్ అనకుండా సూటిగా ప్రయారిటీ సీటింగ్ అనే పిలుస్తారు. కాబట్టి బుకింగ్ ఉన్నా పది ఇరవై నిమిషాలు ఆగాల్సి రావడం మామూలే, ఆ లెక్క వేసుకునే మిగతా ప్లాన్ పెట్టుకోండి. బుకింగ్ టైమ్ అయిన అరగంటకే ఏదో షో టికెట్ పెట్టుకుంటే రెండూ పాడవుతాయి.

ఇంకో కోపం, లోపలికి తొంగి చూస్తే టేబుల్స్ ఖాళీగా కనిపిస్తాయి, బయట మాత్రం జనం నిలబడి ఉంటారు. చూసేవాళ్ళకి ఇది అన్యాయంగానే ఉంటుంది, కానీ ఖాళీ టేబుల్ ఉండటం వేరు, అక్కడ వడ్డించే మనిషి ఉండటం వేరు. ఒక్కో వెయిటర్‌కి కొన్ని టేబుల్స్ అని పంచి ఇస్తారు, ఆ రోజు ఇద్దరు తక్కువ వస్తే వాళ్ళ భాగం మొత్తం మూసేస్తారు. ఒకే వెయిటర్ టేబుల్స్ అన్నీ ఒకేసారి నింపితే అందరి ఆర్డర్లూ ఒకేసారి కిచెన్ మీద పడతాయి, అప్పుడు కూర్చున్నాక ఇంకా ఎక్కువ ఆగాలి, అందుకని కావాలనే కాస్త ఎడం ఇచ్చి కూర్చోబెడతారు. ఇంకొకటి, ఖాళీగా ఉన్నవన్నీ ఇద్దరు కూర్చునేవైతే మీ ఆరుగురికి అవి ఎందుకూ పనికిరావు. అందుకే కౌంటర్ దగ్గరకెళ్ళి "అదిగో ఖాళీగా ఉంది కదా" అని వాదించడం వల్ల టైమ్ తప్ప ఏం ఒరగదు. దాని బదులు "మా సైజు టేబుల్స్ కోసం మా ముందు ఎంతమంది ఉన్నారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతో మీరే లెక్క కట్టుకోవచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. నలుగురు కూర్చునే టేబుల్స్ 20 ఉన్నాయనుకోండి, ఒక్కో ఫ్యామిలీ సుమారు గంట కూర్చుంటుందనుకోండి, అంటే గంటలో 20 టేబుల్స్ ఖాళీ అవుతాయి, సగటున 3 నిమిషాలకి ఒకటి. మీ ముందు 10 ఫ్యామిలీలు ఉంటే అరగంట. అదే ఎనిమిది మంది కూర్చునే టేబుల్స్ రెండే ఉన్నాయనుకోండి, అరగంటకి ఒకటి ఖాళీ అవుతుంది, మీ ముందు రెండు ఫ్యామిలీలే ఉన్నా గంటకి పైనే ఆగాలి. పెద్ద గుంపుతో వెళ్ళేవాళ్ళకి ఎప్పుడూ జరిగే కష్టం ఇదే. మీరు ఎనిమిది మంది అయితే "నాలుగు నాలుగుగా పక్కపక్క టేబుల్స్ ఇచ్చినా పర్లేదు, దూరంగా ఉన్నా పర్లేదు" అని మొదటే చెప్పేయండి, చాలాసార్లు సగం టైమ్‌లోనే పిలుస్తారు. అమ్మమ్మ తాతయ్యలతో అందరం కలిసే కూర్చోవాలి అనుకుంటే మాత్రం ముందే బుక్ చేసుకోవడం తప్ప వేరే దారి లేదు.

బుక్ చేసేటప్పుడు మనుషుల లెక్క కరెక్ట్‌గా ఇవ్వండి. ఒళ్ళో కూర్చునే చంటిపాపని లెక్కలోకి వేయరు చాలామంది, కానీ హై చైర్‌కి కూడా చోటు కావాలి కదా, డిస్నీ పార్కుల్లో అయితే చంటిపిల్లల్ని కూడా కలిపే సంఖ్య ఇవ్వాలి. నలుగురికి బుక్ చేసి ఐదుగురు వెళ్తే ఆ ఐదో సీటు నడిచే దారిలోకి వస్తుంది, దాన్ని చాలా చోట్ల ఒప్పుకోరు, మళ్ళీ వెయిటింగ్ మొదలు. వీల్‌చైర్ ఉంటే, మెట్లు ఎక్కలేని వాళ్ళుంటే, ఎలర్జీలు ఉంటే అదే ఫామ్‌లో రాసేయండి. కిటికీ పక్కన కావాలి అన్నది కూడా రాయొచ్చు, అయితే అది కోరికే కానీ గ్యారంటీ కాదు, అక్కడికెళ్ళాక మళ్ళీ నోటితో చెప్పాలి.

ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి, అక్కడ బుకింగ్స్ తినాలనుకున్న తేదీకి 60 రోజుల ముందు తెరుస్తారు, వాళ్ళ సొంత హోటల్లో దిగేవాళ్ళకి చెక్ ఇన్ రోజు నుంచి 60 రోజుల ముందే, బసలో 10 రోజుల వరకు ఒకేసారి బుక్ చేసుకునే వీలుంటుంది. దాని అర్థం ఏంటంటే, బాగా డిమాండ్ ఉన్న రెస్టారెంట్‌ని ట్రిప్ మొదటి రోజుకి కాకుండా చివరి రోజులకి పెట్టుకుంటే దొరికే చాన్స్ ఎక్కువ, ఎందుకంటే ఆ తేదీలకి బయట దిగినవాళ్ళకి ఇంకా బుకింగ్ తెరుచుకోదు. దొరకలేదని వదిలేయకండి, ముందు రోజు రాత్రీ, ఆ రోజు పొద్దునా యాప్ తెరిచి చూస్తూ ఉండండి, క్యాన్సిల్ చేసేవాళ్ళు అప్పుడే చేస్తారు. అక్కడ చాలా రెస్టారెంట్లకి 2 గంటల ముందు వరకు క్యాన్సిల్ చేసుకోవచ్చు, ఆ గడువు దాటే లోపు టేబుల్స్ మళ్ళీ కనిపిస్తుంటాయి. వేరే పార్కులకి ఈ గడువులు వేరుగా ఉంటాయి, బుక్ చేసే పేజీలోనే చదువుకోండి.

టైమ్ ఎంచుకోవడం గురించి ఒక మాట. పన్నెండున్నర, ఏడు, ఇవి అందరికీ ఆకలేసే టైమ్‌లు. పదకొండింటికి తినేస్తే, లేదా రెండున్నరకి తింటే సగం గొడవ ఉండదు. పెరేడ్ మొదలయ్యే టైమ్‌కి రెస్టారెంట్లు తేలికపడతాయి, అది అవ్వగానే జనం మొత్తం ఒకేసారి వచ్చి పడతారు, కాబట్టి పెరేడ్ మీకు ముఖ్యం కాకపోతే అదే మీ భోజనం టైమ్.

ఇక తలుపు దగ్గర. బుకింగ్ టైమ్‌కి పది నిమిషాల ముందు వెళ్ళి చెక్ ఇన్ అవ్వండి, చాలా చోట్ల ఇప్పుడు యాప్‌లోనే చేయొచ్చు. ఇక్కడ బాగా దెబ్బతినేది ఎవరంటే, ఒకళ్ళు వచ్చి పేరు చెప్పి మిగతావాళ్ళు "ఇదిగో రైడ్ అయిపోగానే వస్తారు" అనేవాళ్ళు. అందరూ వస్తే తప్ప కూర్చోబెట్టని రెస్టారెంట్లు చాలా ఉన్నాయి, మీ వంతు వచ్చినప్పుడు మనుషులు తక్కువుంటే వెనకవాళ్ళని పిలిచేస్తారు. పిలుపు చాలా చోట్ల ఫోన్‌కి మెసేజ్‌గా వస్తుంది కాబట్టి ఫోన్లో చార్జింగ్ ఉందో లేదో, మెసేజ్ కనిపించేలా పెట్టారో లేదో చూసుకోండి, ఆ గోలలో రింగ్ ఎవరికీ వినపడదు. స్ట్రోలర్, అంటే పిల్లల్ని తోసుకెళ్ళే బండి, ఎక్కడ పెట్టాలో ముందే అడిగి పెట్టేయండి, పిలిచాక దాన్ని మడత పెట్టే హడావిడిలో సామానంతా కింద పడుతుంది.

మీకు ఏం కావాలో చెప్పాల్సింది ఈ చెక్ ఇన్ అప్పుడే. హోస్ట్, అంటే తలుపు దగ్గర పేర్లు చూసి కూర్చోబెట్టే మనిషి, ముందున్న స్క్రీన్ మీద టేబుల్స్ మ్యాప్ ఉంటుంది, ఏది నిండింది, ఏది బిల్లు దగ్గరికి వచ్చింది, ఏది తుడుస్తున్నారు అని రంగుల్లో కనిపిస్తుంటుంది, మీ పేరు పక్కన ఒక చిన్న నోట్ రాసే చోటు కూడా ఉంటుంది. ఆ నోట్‌లోకి మీ మాట ఎక్కాలి. "మంచి టేబుల్ ఇవ్వండి" అంటే అందులో రాయడానికి ఏం లేదు. "బాబుకి పెద్ద సౌండ్ అంటే భయం, స్పీకర్‌కి దూరంగా ఇస్తారా, పదిహేను నిమిషాలు ఎక్కువైనా ఆగుతాం" అంటే వాళ్ళకి చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఆగుతాం అన్న ఆ మాటే చాలా పని చేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి అసలు ఒత్తిడి టైమ్‌దే.

కొన్ని రెస్టారెంట్లలో ఎక్కడ కూర్చున్నామన్నదే సగం అనుభవం, అలాంటి వాటికి ముందే చదువుకుని వెళ్ళాలి. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో బ్లూ బయూ అని ఉంది, 1967లో తెరిచారు, పైరేట్స్ రైడ్ పడవలు పక్కనుంచే పోతుంటాయి, అందరూ అడిగేది ఆ నీళ్ళ పక్క టేబులే. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోని బీ అవర్ గెస్ట్‌లో మూడు గదులుంటాయి, అందులో వెస్ట్ వింగ్ చీకటిగా, ఉరుముల శబ్దంతో ఉంటుంది, చీకటంటే భయపడే చిన్నపిల్లలున్నవాళ్ళు పెద్ద బాల్‌రూమ్‌లో కావాలని చెక్ ఇన్ అప్పుడే చెప్పడం మంచిది. అక్కడే హాలీవుడ్ స్టూడియోస్‌లోని సై ఫై డైన్ ఇన్‌లో పాతకాలం కార్ల ఆకారంలో టేబుల్స్, అందరూ స్క్రీన్ వైపు తిరిగి ముందు వరసా వెనక వరసాగా కూర్చోవాలి, చూడ్డానికి భలే ఉంటుంది కానీ ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తిందామనుకున్నవాళ్ళకి నిరాశే. బుక్ చేసే ముందు ఫోటోల్లో వంటకాలు కాదు, కుర్చీలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి.

సరే, ఇంత చేసినా కిచెన్ తలుపు పక్కకో, ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకో తీసుకెళ్ళారనుకోండి. కూర్చోకండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు కూర్చుని నీళ్ళు తాగిన క్షణం నుంచి ఆ టేబుల్ ఒక వెయిటర్ ఖాతాలోకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత మార్చాలంటే ఇంకో వెయిటర్‌ని అడగాలి, కూర్చోబెట్టే వరస మార్చాలి, టేబుల్ మళ్ళీ తుడవాలి. నిలబడే, నవ్వుతూ "ఇది కాకుండా ఇంకోటి ఖాళీ అయ్యేదాకా మేం బయట ఆగుతాం, మా వంతు పోదు కదా?" అని అడగండి. వంతు పోదు అని వాళ్ళ నోటితో అనిపించుకున్నాకే బయటకి నడవండి. కూర్చున్నాకే ఇబ్బంది తెలిస్తే, అంటే టేబుల్ ఊగడం, జిగురు జిగురుగా ఉండటం లాంటివి, ఆర్డర్ ఇవ్వక ముందే చెప్పేయాలి. ఊగే టేబుల్ కాలి కింద టిష్యూ మడిచి పెట్టడం లాంటివి వాళ్ళే చేస్తారు.

ట్రే పట్టుకుని మనమే సీటు వెతుక్కునే హాళ్ళ సంగతి వేరు. అక్కడ వేడి వేడి ట్రే చేతిలో పెట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని తిరగడం అంత నరకం ఇంకోటి లేదు. కొన్ని చోట్ల ఆర్డర్ కాకుండా టేబుల్ పట్టుకోనివ్వరు, తలుపు దగ్గర స్టాఫ్ చూస్తుంటారు, ఆ రూల్ ఏంటో ముందు అడగండి. రూల్ లేకపోతే ఒకళ్ళు ఆర్డర్‌కి, ఒకళ్ళు సీటుకి. యాప్‌లో ఆర్డర్ పెట్టే వీలుంటే రైడ్ లైన్లో ఉండగానే పెట్టేయండి, అయితే "వచ్చేశాం" అనే బటన్ మాత్రం టేబుల్ దొరికాకే నొక్కండి, అది నొక్కాకే చాలా చోట్ల వంట మొదలుపెడతారు, ముందే నొక్కితే తిండి చల్లారిపోతుంది. ఆర్డర్‌కి ఇచ్చిన టైమ్ దాటిపోకుండా మాత్రం చూసుకోండి. తలుపు దగ్గర చోటు కోసం కొట్టుకోకుండా లోపలి చివరికి, మేడ ఉంటే పైకి వెళ్ళండి, ఎక్కువమంది అంతదూరం రారు. తినడం అయిపోయిన వాళ్ళ నెత్తి మీద నిలబడటం మాత్రం వద్దు, వాళ్ళు కూడా మనలాగే కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నవాళ్ళే. "మీరు లేస్తున్నారా అండి?" అని ఒకసారి అడిగి పక్కకి జరిగితే చాలు.

చెప్పిన టైమ్ దాటి అరగంట అయినా పిలవకపోతే హోస్ట్‌తో కాదు, మేనేజర్‌తో మాట్లాడండి, హోస్ట్ చేతిలో ఉన్నది లిస్ట్ మాత్రమే. చెక్ ఇన్ టైమ్, ఎంతసేపు అన్నారు, ఇప్పుడు ఎంతైంది, ఈ మూడు చెప్పి "ఎంతలో అవుతుంది, లేదా వేరే రెస్టారెంట్‌లో ఏమైనా చూడగలరా?" అని అడగండి. పెద్ద పార్కుల్లో ఒక రెస్టారెంట్ నుంచి ఇంకోదానికి ఫోన్ చేసి సర్దే వీలు మేనేజర్‌కి ఉండొచ్చు. అదీ కుదరకపోతే వెళ్ళిపోయే ముందు మీ బుకింగ్ వాళ్ళ చేతే క్యాన్సిల్ చేయించి, దాని మెసేజ్ ఫోన్‌కి వచ్చేదాకా అక్కడే ఉండండి, లేకపోతే రాలేదని రాసుకుని కార్డు మీద డబ్బు కట్ చేసే ప్రమాదం ఉంది.