పెద్దవాళ్లు ఆవుపాలు తాగాలా? మీ ఒంటికి ఎంత పడుతుందో తేల్చుకునే పద్ధతి

పాతికేళ్లు దాటినవారు పాలు తాగాలా, మానాలా అన్న ప్రశ్నకు మన ఇళ్లలో రెండు సమాధానాలు వినిపిస్తాయి. రాత్రి గ్లాసెడు పాలు తాగకపోతే ఎముకల్లో సత్తువ ఉండదని పెద్దలు అంటారు. తల్లిపాలు మానిన తరువాత మరే జంతువూ పాలు తాగదు కాబట్టి మనిషీ తాగకూడదని ఫోనులో వచ్చే వీడియోలు చెబుతాయి. మరే జంతువూ పప్పు ఉడకబెట్టుకొని తినదు కనుక రెండో వాదనను నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. మొదటి వాదన కూడా పూర్తిగా నిలవదు, ఎందుకంటే పాలలో ఉన్న పోషకాల్లో పాలలో తప్ప ఇంకెక్కడా దొరకనిది ఏదీ లేదు. పాలలోని చక్కెరను మీ పేగు ఎంతవరకు అరిగించుకోగలదు, మీ కంచంలోని మిగతా భోజనం ఏమి ఇస్తోంది, మీరు ఏ మందులు వాడుతున్నారు అన్న మూడు విషయాలను బట్టి ఎవరి సమాధానం వారు తేల్చుకోవాలి.

ముందుగా ఒక స్పష్టత అవసరం. మన దగ్గర ప్యాకెట్లలో వచ్చే పాలు చాలావరకు ఆవుపాలు, గేదెపాలు కలిసినవి, పల్లెల్లో వాడకం ఎక్కువగా గేదెపాలదే. లాక్టోజ్ అనే పాల చక్కెర రెండింటిలోనూ 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు ఉంటుంది. కాబట్టి అరుగుదల గురించి ఇక్కడ చెప్పేది రెండింటికీ వర్తిస్తుంది. ప్రధానమైన తేడా కొవ్వులో ఉంది.

పసిపిల్లల చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఊరి, లాక్టోజ్‌ను గ్లూకోజ్‌గా, గెలాక్టోజ్‌గా విడగొడుతుంది. బాల్యం గడిచేకొద్దీ ప్రపంచంలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఈ ఎంజైము తగ్గిపోతుంది. ఉత్తర ఐరోపా ప్రజల్లోనూ, మన దేశంలో వాయవ్య ప్రాంతాలవారిలోనూ ఒక జన్యుమార్పు వల్ల అది పెద్దయ్యాక కూడా కొనసాగుతుంది. దక్షిణానికి వచ్చేకొద్దీ ఆ మార్పు ఉన్నవారు తగ్గుతారు. అంటే పంజాబువారు చెంబెడు లస్సీ అవలీలగా తాగుతుంటే మన తెలుగువారిలో కొందరికి గ్లాసు పాలతోనే కడుపు ఉబ్బరించడం రోగం కాదు, మనుషుల్లో ఎక్కువమందికి ఉండే సహజ లక్షణమే. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. ఉబ్బరం, గుడగుడ, మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనం అందువల్లనే వస్తాయి.

అయితే ఎంజైము తగ్గినంత మాత్రాన పాలు పూర్తిగా మానవలసిన అవసరం లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2010లో ఈ విషయం తేల్చడానికి కూర్చోబెట్టిన నిపుణుల బృందం, లాక్టోజ్ సరిగా అరగనివారిలో కూడా ఎక్కువమంది ఒక్కసారికి 12 గ్రాముల వరకు పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని చెప్పింది. అది దాదాపు 250 మిల్లీలీటర్ల పాలతో సమానం. కప్పు టీలో పడే 50 మిల్లీలీటర్ల పాలలో ఉండేది రెండున్నర గ్రాములే కాబట్టి, టీ తాగగానే కడుపు ఉబ్బుతోందనేవారు పాలకంటే ముందు టీనీ, ఖాళీ కడుపునీ అనుమానించడం మంచిది.

ఇక పాలు ఎంత పడతాయో ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష సంగతి. పాలు తాగితే ఏ ఇబ్బందీ లేనివారికి ఇది అనవసరం. పాలు తాగిన వెంటనే దద్దుర్లు రావడం, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం ఎప్పుడైనా జరిగినవారు ఇంట్లో ఈ ప్రయోగం చేయనే కూడదు. అది పాల చక్కెర అరగకపోవడం కాదు, పాలలోని ప్రొటీన్లకు వచ్చే అలర్జీ. దానికి వైద్యుడే దిక్కు. ఇటీవల విరేచనాలతో బాధపడినవారు కొన్ని వారాలు ఆగాలి, ఎందుకంటే పేగు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు లాక్టేజ్ తాత్కాలికంగా తగ్గి, పేగు కోలుకున్నాక తిరిగి వస్తుంది.

మిగిలినవారు రెండు వారాలపాటు పాలు, పెరుగు, కోవా స్వీట్లు, పాలపొడి కలిసిన బిస్కెట్లు, పాలు పోసిన టీ, కాఫీ అన్నీ మానాలి. చిన్న మొత్తాల వల్లనే బాధ కలుగుతోందా అన్నది కూడా తెలియాలి కాబట్టి టీని మినహాయించవద్దు. ఈ రెండు వారాల్లో కడుపు ఏమాత్రం కుదుటపడకపోతే దోషం పాలది కాకపోవచ్చు. కుదుటపడితే, ఇంట్లోనే ఉండగలిగిన ఒక సెలవునాడు ఉదయం పరగడుపున 250 మిల్లీలీటర్ల పాలు తాగాలి. మన స్టీలు గ్లాసులు ఒక్కొక్కటి ఒక్కో కొలత కాబట్టి గ్లాసును నమ్ముకోకుండా అరలీటరు ప్యాకెట్టును రెండు సమభాగాలు చేసి ఒక భాగాన్ని కాచుకోవడం తేలిక. అందులో చక్కెర గానీ, బూస్టు గానీ, కాఫీ గానీ కలపకూడదు. కాఫీ స్వతహాగా పేగును కదిలిస్తుంది కనుక అది కలిస్తే ఫలితాన్ని నమ్మలేము. తరువాత మూడు నాలుగు గంటలు మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోకుండా, ఏ సమయానికి ఏ లక్షణం కనిపించిందో కాగితం మీద రాసుకోవాలి. లాక్టోజ్ వల్ల వచ్చే ఇబ్బంది సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. పాలు తాగిన మరునాడు వచ్చిన తలనొప్పిని ఆ లెక్కలో వేయకూడదు.

ఇబ్బంది వస్తే రెండు మూడు రోజులు ఆగి, ఈసారి 120 మిల్లీలీటర్లు భోజనంతో పాటు తాగి చూడాలి. అన్నంతో కలిసినప్పుడు కడుపులోంచి పాలు నెమ్మదిగా పేగులోకి దిగుతాయి కాబట్టి ఉన్న కొద్దిపాటి ఎంజైముకు పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. పరగడుపున గ్లాసు పాలు పడనివారిలో చాలామందికి భోజనంతో అరగ్లాసు హాయిగా పడుతుంది. పడిన మోతాదును ఒక వారం కొనసాగించి, తరువాత కొద్దికొద్దిగా పెంచవచ్చు. రోజూ కొంచెం లాక్టోజ్ అందుతుంటే పెద్దపేగులోని బ్యాక్టీరియా కూడా దానికి అలవాటు పడి గ్యాస్ తగ్గుతుంది. ఏళ్ల తరబడి పాలు ముట్టనివారు ఒక్కసారిగా పెద్ద గ్లాసు తాగి, తమకు పాలు పడవని తీర్మానించుకోవడం అందుకే తొందరపాటు.

మనసు చేసే మాయ కూడా తక్కువది కాదు. 1995లో అమెరికాలోని మినియాపొలిస్‌లో, తమకు పాలు ససేమిరా పడవని చెప్పిన 30 మందిని పరీక్షిస్తే వారిలో 9 మందికి లాక్టోజ్ చక్కగా అరుగుతోందని తేలింది. ఆ 30 మందికీ ఏది ఏదో చెప్పకుండా కొన్నాళ్లు మామూలు పాలు, కొన్నాళ్లు లాక్టోజ్ తీసేసిన పాలు రోజుకు ఒక గ్లాసు చొప్పున ఇచ్చినప్పుడు లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ పద్ధతిని మీరూ అనుసరించవచ్చు. దుకాణంలో దొరికే లాక్టోజ్ లేని పాలు, మామూలు పాలు ఇంట్లోవారి చేత వేర్వేరు రోజుల్లో, పేరు చెప్పకుండా ఇప్పించుకోవాలి. లాక్టోజ్ విడిపోయిన పాలు కాస్త తియ్యగా ఉంటాయి కాబట్టి, ఈ ఒక్క ప్రయోగానికి మాత్రం మామూలు పాలలో చిటికెడు చక్కెర కలిపితే రుచిని బట్టి కనిపెట్టడం కష్టమవుతుంది. ఇంత శ్రమ వద్దనుకునేవారికి పెద్ద ఆసుపత్రుల్లో ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచే పరీక్ష ఉంది.

పాలు పడవని తేలినా పెరుగు మానవలసిన పని చాలామందికి ఉండదు. తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడంలో బ్యాక్టీరియాతో పాటు పేగులోకి వెళ్లిన ఎంజైము సాయపడుతుంది. మజ్జిగ పులుసు కాచినప్పుడు వేడికి ఈ రెండో ప్రయోజనం పోతుంది, మొదటిది మిగులుతుంది. పన్నీరు చేసేటప్పుడు లాక్టోజ్ చాలావరకు తేటతో పాటు వెళ్లిపోతుంది, నెయ్యిలో అది దాదాపు ఉండదు. కోవా సంగతి పూర్తిగా వేరు. లీటరు పాలు మరిగించి 200 గ్రాముల దరిదాపుకు తెచ్చినప్పుడు నీరు పోతుంది గానీ చక్కెర పోదు. అందువల్ల 50 గ్రాముల కోవా తిన్నవారు పావులీటరు పాలలోని లాక్టోజ్‌ను తిన్నట్టే. పెళ్లి భోజనం తరువాత కడుపు పాడైతే వంటనూనెను తిట్టేవారు ఆ రోజు తిన్న స్వీట్లను కూడా ఒకసారి లెక్క చూసుకోవాలి.

పాలు, పెరుగు రెండూ మానాలనుకునేవారు మాత్రం కంచాన్ని సరిచూసుకోకుండా ఆ నిర్ణయం తీసుకోకూడదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటుంది. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు సూచించింది. ఆ 300 మిల్లీలీటర్లు ఇచ్చే కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగి పిండిలో కూడా దాదాపు అంతే ఉంటుంది, అయితే రాగిలోని ఫైటేట్లు కొంత కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. నువ్వుల్లో 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాములకు పైగా ఉన్నా రోజూ అంత తినలేము కాబట్టి, అన్నంలో రెండు చెంచాల నువ్వుల పొడి, ఒక నువ్వుండ అన్నట్టుగా లెక్క వేసుకోవాలి. ఆకుకూరల్లో మునగాకు మేలైనది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి కనుక దాన్ని లెక్కలో వేయకపోవడమే మంచిది. మాంసాహారులు ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలను ఎంచుకోవచ్చు. అసలు చిక్కు బి12 విటమినుతో వస్తుంది. గుడ్డు, చేప, మాంసం తినని శాకాహారికి సహజ ఆహారంలో పాలు, పెరుగు తప్ప దానికి నమ్మదగిన ఆధారం లేదు. అవి కూడా మానేసినవారు వైద్యుని సలహాతో బి12 మాత్ర వేసుకోక తప్పదు. బాదం పాలు అని అమ్మే పానీయంలో ఎక్కువ భాగం నీరే. ప్రొటీన్ విషయంలో ఆవుపాలకు సాటి రాగలిగినవి సోయా పాలు, అందులోనూ కాల్షియం కలిపినవో కాదో ప్యాకెట్టు చదివి తెలుసుకోవాలి.

తాగాలనుకునేవారికి నా సలహా, పాలు, పెరుగు, టీ అన్నీ కలిపి రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల దగ్గర ఆగడం. స్వీడన్‌లో 61,000 మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు మూడు గ్లాసులు లేదా అంతకంటే ఎక్కువ తాగినవారిలో మరణాలూ, ఎముకలు విరగడమూ ఎక్కువగా కనిపించాయి. పాలే అందుకు కారణమని ఇలాంటి పరిశీలన నిరూపించలేదు, ఆ సంగతి పరిశోధకులే హెచ్చరించారు కూడా. అయితే ఎక్కువ తాగితే ఎముక అంత గట్టిపడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదని గ్రహించడానికి అది చాలు.

ప్యాకెట్టు ఎంపికలో చూడవలసింది కొవ్వు శాతం. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. అంటే రోజూ అరలీటరు ఫుల్ క్రీమ్ తాగేవారికి పాల నుంచే సుమారు 30 గ్రాముల కొవ్వు చేరుతుంది, అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవారు, నడుము చుట్టుకొలత పెరుగుతున్నవారు డబుల్ టోన్డ్‌కు మారినా కాల్షియం, ప్రొటీన్ ఏమీ తగ్గవు. ఎ2 అనే రకం ప్రొటీన్ ఉన్న పాలంటూ రెట్టింపు ధరకు అమ్మే సీసాల విషయంలో తొందరపడనక్కరలేదు. మన నాటు ఆవుల పాలు చాలావరకు, గేదెపాలు కూడా, ఆ రకం ప్రొటీన్ ఉన్నవే. వాటిలో లాక్టోజ్ మాత్రం మామూలుగానే ఉంటుంది. 2024 ఆగస్టులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ ప్రకటనలు తీసేయమని ఆదేశించి, కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది కాబట్టి సీసా మీద ఆ మాట కనబడినంత మాత్రాన దానికి ప్రత్యేక గుర్తింపు ఉన్నట్టు భావించకూడదు. ఇంటికి నేరుగా వచ్చే పచ్చి పాలను మాత్రం తప్పనిసరిగా పొంగేవరకు కాయాలి, లేకపోతే బ్రూసెల్లోసిస్ అనే జ్వరం, క్షయ వంటివి సోకే ప్రమాదం ఉంటుంది.

మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నాయని పాలు మానేవారు మన చుట్టూ చాలామంది కనిపిస్తారు. ఆక్సలేట్ రాళ్ల విషయంలో ఇది తలకిందుల సలహా. భోజనంతో అందే కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో పంపేస్తుంది కనుక ఆహారంలో కాల్షియం బాగా తగ్గిస్తే రాళ్లు ఎక్కువయ్యే అవకాశం ఉంది. మూత్రపిండాల పనితీరే తగ్గినవారి పరిస్థితి వేరు. పాలలోని ఫాస్ఫరస్, పొటాషియం వారికి భారం కావచ్చు కాబట్టి మోతాదును వైద్యుడే చెప్పాలి. మధుమేహం ఉన్నవారు చక్కెర, మాల్ట్ పొడులు కలపని పాలను భోజనపు లెక్కలో వేసుకొని తాగవచ్చు.

మందుల వేళలను చాలామంది పట్టించుకోరు. థైరాయిడ్ మాత్ర ఉదయం పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి. పాలు పోసిన కాఫీ అరగంట నుంచి గంట తరువాత తాగాలి, కాల్షియం మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను పాలతో గానీ టీతో గానీ మింగితే అది ఒంటికి సరిగా పట్టదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు వాడే రోజుల్లో మాత్రకూ, పాలకూ మధ్య కనీసం రెండు గంటలు ఉండేలా చూసుకోవాలి. ఎముకలు పలచబడ్డాయని అలెండ్రోనేట్ మాత్ర రాయించుకున్నవారు దాన్ని పాలతో మింగితే దాదాపు మాత్ర వేసుకోనట్టే అవుతుంది. అందువల్ల లేవగానే గ్లాసుడు మంచినీళ్లతో దాన్ని వేసుకొని, అరగంట సేపు నడుము వాల్చకుండా ఉండి, ఆ తరువాతే పాలైనా టిఫినైనా తీసుకోవాలి.