పసిఫిక్ దీవులను మ్యాపులో చదువుదాం – 4వ పాఠం: ఫిజీ మీద గాలి గీత

కిందటి పాఠంలో ఒక దీవి అగ్నిపర్వతపు కొండా, సముద్రంలోంచి పైకి లేచిన సున్నపురాయా, ఒట్టి ఇసుక మేటా అని తేల్చుకోవడం చూశాం. ఈసారి మ్యాపు మీద ఒకే ఒక్క గీత గీసి, అడవి ఎక్కడుంటుందో, గడ్డి ఎక్కడుంటుందో, చెరకు ఎక్కడ పండుతుందో ముందుగా చెప్పాలి. ఆ తర్వాతే ఉపగ్రహ చిత్రం తెరవాలి. ముందే చిత్రం చూసేస్తే కన్ను పచ్చదనాన్ని చూసి సరిపెట్టుకుంటుంది, కారణం వెతకదు.

ఎత్తులు చూపే ఫిజీ మ్యాపు, స్కేలు, పెన్సిలు చాలు. పేర్ల దగ్గర మాత్రం ఒక చిక్కుంది. ఫిజీ భాషను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతే వేరు: డి అక్షరం ‘ంద’, బి ‘ంబ’, జీ, క్యూ రెండూ మన చెవికి ‘ంగ’. మ్యాపులో ‘నాడి’ అని కనిపించే ఊరు నాందీ, ‘లబాసా’ అసలు పలుకుబడి లంబాసా, ‘కడవు’ నిజానికి కందావు. ఇక్కడ పలికే తీరునే రాస్తున్నాం.

పెద్ద దీవి వీతీ లేవుతో మొదలుపెడదాం. విస్తీర్ణం దాదాపు 10,400 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన ఉన్న తొమానివి శిఖరాన్ని గుర్తించండి. 1,324 మీటర్లతో దేశంలో అన్నిటికన్నా ఎత్తు అదే. అక్కడి నుంచి దక్షిణానికి సాగే కొండల వరుస వెంట పెన్సిలుతో ఒక వంకర గీత గీయండి. ఇది దీవికి వెన్నెముక. ఇప్పుడు మ్యాపు కుడివైపు కింది మూల నుంచి ఎడమవైపు పై మూలకు, వెన్నెముకను కోస్తూ, ఒక బాణం గీయండి. ఇదే గాలి గీత. దక్షిణార్ధగోళంలో వ్యాపార పవనాలు ఆగ్నేయం నుంచి వీస్తాయి కాబట్టి బాణం అటు నుంచి రావాలి. హవాయి మ్యాపుల మీద అలవాటు పడినవాళ్లు ఈశాన్యం నుంచి గీసేస్తారు, అక్కడితో పాఠమంతా తలకిందులవుతుంది.

బాణం ముందుగా తగిలే వైపు తడి వైపు. సముద్రం మీద తేమ తాగి వచ్చిన గాలి కొండెక్కుతూ చల్లబడి అక్కడే కురిసేస్తుంది. వెన్నెముక దాటి దిగేటప్పుడు వేడెక్కి పొడిబారుతుంది. పడమటి కనుమల చాటున అనంతపురానికి పట్టిన గతే నాందీకీ పట్టింది, కాకపోతే ఇంత ఘోరంగా కాదు. రాజధాని సువాలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు కురిస్తే, నాందీలో 1,800 పైచిలుకు. ఈ ఏడాది మొత్తాన్ని మాత్రం నమ్ముకోవద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రెండు వైపులా వానలే. తేడా బయటపడేది మే నుంచి అక్టోబరు దాకా. నాందీలో జూలై వాన 50 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, సువాలో దానికి రెండింతలు పైనే. చెట్టుకు లెక్క ఏడాది మొత్తం కాదు, ఎండిన నెలలు ఎన్ని అన్నదే.

ఇక ఊహ రాయండి. తడి వైపు దట్టమైన వర్షారణ్యం. అందులో దకువా, యాకా వంటి పెద్ద కలప చెట్లు. కొండ నెత్తిన, సుమారు 600 మీటర్లు దాటాక, మబ్బు దిగి కూర్చునే చోట చెట్లు పొట్టిబారి, కొమ్మల నిండా నాచు, ఫెర్నులు పట్టి ఉంటాయి. పొడి వైపు ‘తలసింగ’, అంటే ఎండకు మాడిన నేల. రెల్లులాంటి గడ్డి, ఫెర్ను, మధ్యమధ్య మొగలి, సరుగుడు. బాపట్ల తీరంలో మనం నాటి పెంచిన సరుగుడు అక్కడ స్వతహాగా మొలిచే చెట్టు. ఫిజీవాళ్లు దాన్ని నోకోనోకో అంటారు. తలసింగకు వాన తక్కువ కావడమొక్కటే కారణం కాదు. తరతరాలుగా పడుతున్న నిప్పు అడవిని తిరిగి లేవనివ్వదు. కాలిన వాలు మీద పైమట్టి కొట్టుకుపోయాక, వాన పడినా చెట్టు నిలదొక్కుకోలేదు.

గాలి గీతకు గట్టి సాక్ష్యం చెరకు. ముదిరే నెలల్లో నేల ఎండితేనే గడలో పంచదార కూడుతుంది. తడి ఆగకపోతే చెరకు ఏపుగా పెరుగుతుంది గానీ తీపి తగ్గుతుంది. మిల్లులు వెలిసిన లౌటోకా, బా, రాకిరాకీ, పక్కనున్న వనువా లేవు దీవిలోని లంబాసా నాలుగూ గాలి చాటు వైపే ఉన్నాయి. తడి వైపు రేవా నది ఒడ్డున నౌసోరిలోనూ మిల్లు నడిచింది, 1959లో మూతబడింది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి ఎక్కువగా నాందీ, బా, లంబాసా చుట్టూ ఎందుకు స్థిరపడిందో ఈ గీతే చాలావరకు చెబుతుంది.

ఇప్పుడు ఉపగ్రహ చిత్రం తెరిచి సరిచూడండి. తప్పులు దొర్లేది ఇక్కడే. పడమటి వాలుల మీద ముదురాకుపచ్చ కనిపిస్తే అడవి అనుకోకండి. అంచులు తిన్నగా, మధ్యలో బాటలు సమాన దూరంలో ఉంటే అది నాటిన కరీబియన్ పైను తోట. తడి వైపున్న మహాగని తోటలు ఇంకా మోసం చేస్తాయి. పై నుంచి సహజ అడవిలాగే ఉంటాయి గానీ చెట్ల తలలన్నీ ఒకే సైజు. ఫిబ్రవరి చిత్రంలో తలసింగ కూడా పచ్చగానే ఉంటుంది, కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు చిత్రాలే తీసుకోండి. తడి వైపు ఎప్పుడూ మబ్బే. ఒక్క చిత్రంతో పని జరగదు, మూడు నాలుగు తేదీలవి పక్కపక్కన పెట్టుకోండి.

తీరానికి గాలి గీత పనిచేయదు. అక్కడ చూడాల్సింది బురదా, ఇసుకా అన్నదే. రేవా, బా, లంబాసా నదుల ముఖాల్లో మెలికలు తిరిగే పాయల మధ్య నున్నటి ముదురాకుపచ్చ కనిపిస్తే అవి మడ అడవులు. కోరింగలో విరివిగా కనిపించే తెల్లమడ జాతి ఫిజీలో లేదు. సముద్రం వైపు ఊతకర్రల్లాంటి వేళ్లున్న మడచెట్లే ముందు నిలబడతాయి. ఇసుక తీరమైతే ముందు మేక గిట్టలా చీలిన ఆకుల తీగ, వెనక మొగలి, సరుగుడు, ఇంకా వెనక పొన్న, బాదం. సింగాటోకా నది ముఖం దగ్గర పగడపు దిబ్బ తెగి ఉండటం గమనించండి. మంచినీళ్లు, బురద కలిసే చోట పగడం బతకదు. నది తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డుకు తోస్తే, ఆగ్నేయపు గాలి మేటలు వేసింది. 1989లో ఆ మేటలనే దేశపు మొదటి జాతీయ ఉద్యానవనం చేశారు.

గీత అసలు పనికిరాని దీవులూ ఉన్నాయి. నాందీ రేవుకు ఎదురుగా ఉన్న తవరువా లాంటి ఇసుక మేటకు గాలిని ఆపే ఎత్తే లేదు, వర్షచ్ఛాయ ఎక్కణ్నుంచి వస్తుంది? తూర్పున లావు దీవుల్లో కంబారా సున్నపురాయి. వాన పడినా నీరు రాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది, పారే ఏరు కనబడదు. అయినా ఆ రాతి సందుల్లోనే ‘వేసి’ అనే చెట్టు పెరుగుతుంది. యంగోనా పానీయం కలిపే గిన్నెలు దాని కలపతోనే చెక్కుతారు.

లావును వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 180వ రేఖాంశం ఫిజీ మధ్యలోంచి, తవెఉనీ దీవి మీదుగా పోతుంది. దానికి అవతల ఉన్న లావు పశ్చిమ రేఖాంశంలోకి వస్తుంది. అంకెకు ముందు మైనస్ మరిచిపోతే, లావు దక్షిణాన ఉన్న ఫులాంగా కోసం వెతికినవాళ్లు కందావు దీవి పక్కన నడిసముద్రంలో తేలతారు.

వచ్చే పాఠానికి అభ్యాసం: తవెఉనీ, వనువా లేవు దీవులకు వెన్నెముక, గాలి గీత గీయండి. తవెఉనీ వెన్నెముక గాలికి దాదాపు అడ్డంగా ఉంటుంది. దాని రెండు వాలుల మధ్య తేడా వీతీ లేవు కన్నా ఎక్కువా, తక్కువా రాయండి. వనువా లేవులో సావుసావు చుట్టూ కొబ్బరి తోటలు, లంబాసా చుట్టూ చెరకు ఎందుకున్నాయో రెండు వాక్యాల్లో చెప్పండి. చిత్రం మాత్రం చివర్లోనే తెరవండి.