క్రోమ్ పట్టీలకు పెయింట్ లేకుండానే నలుపు

కారు కిటికీల చుట్టూ ఉండే క్రోమ్ పట్టీలు ఎండకి కళ్లలోకి కొడుతుంటాయి, నీటి మరకలు పడితే ఓ పట్టాన పోవు. నలుపు పెయింట్ కొట్టిద్దామంటే క్రోమ్ మరీ నున్నన. బాగా గీకి ప్రైమర్ వేయకపోతే పెచ్చులుగా లేచిపోతుంది. దానికన్నా శాటిన్ నలుపు (మెరుపు తక్కువుండే నలుపు) వినైల్ ర్యాప్, అంటే వెనక జిగురుండే పలచటి ప్లాస్టిక్ షీటు, అంటించుకోవడం నయం. నచ్చకపోతే పీకేయొచ్చు.

షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పట్టీకీ రబ్బరుకీ మధ్య సందులో పాత పాలిష్ తెల్లగా పేరుకుని ఉంటుంది. ప్లాస్టిక్ కార్డు అంచుకి పలచటి గుడ్డ చుట్టి దాన్ని మొత్తం లాగేయాలి. అంచులు లేవడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది, అందుకే ఈ పనికి ఎంత టైమ్ పట్టినా పర్లేదు.

వినైల్‌ని రెండు వైపులా 1 సెం.మీ. ఎక్కువ ఉంచి కత్తిరించండి. ఒక చివర నుంచి వేలితో నొక్కుతూ వెళ్లాలి. వంపుల దగ్గర హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలిస్తే మెత్తబడి కూర్చుంటుంది. గట్టిగా మాత్రం లాగొద్దు, సాగదీసింది తర్వాత వెనక్కి ముడుచుకుంటుంది. మిగిలిన అంచుని కార్డుతో రబ్బరు కిందికి దోపేసి, ఇంకోసారి వేడి చేసి నొక్కండి. బ్లేడు వాడకుండా ఉంటేనే మంచిది, పక్కనున్న పెయింట్ మీద గీత పడితే పోదు.

క్రోమ్ అప్పటికే పొక్కిపోయి ఉంటే ఇది పనికిరాదు. వినైల్ సరిగ్గా అతుక్కోదు, పీకేటప్పుడు పెచ్చులు కూడా దాంతోపాటే ఊడొస్తాయి.