సోలార్ హీటర్ నిజంగా ఎంత పనిచేస్తోందో బకెట్‌తో తేల్చుకోండి

కుళాయి తిప్పగానే నీళ్లు చేయి కాలేలా వస్తే ప్యానెల్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. ట్యాంకులో వేడినీళ్లు పైకి, చల్లనివి అడుక్కి చేరతాయి కాబట్టి మొదటి బకెట్ వేడిని బట్టి ఏదీ చెప్పలేం.

ముందురోజు రాత్రే వేడినీళ్లన్నీ వాడేయండి. పగలంతా కుళాయి ముట్టుకోవద్దు, కరెంటు హీటర్ ఆపి ఉంచండి. పొద్దు వాలాక 20 లీటర్ల బకెట్లు వరుసగా పడుతూ, ఒక్కోదాన్నీ బాగా కలిపి థర్మామీటర్ ముంచండి. థర్మామీటర్ చూపిన డిగ్రీల్లోంచి ట్యాంకులోకి వచ్చే చన్నీళ్ల డిగ్రీలు తీసేయండి. కుళాయిలోంచి చన్నీళ్లు వచ్చేదాకా బకెట్లు పట్టాల్సిందే, మధ్యలో ఆపితే లెక్క చెడుతుంది.

లీటర్లు × పెరిగిన డిగ్రీలు × 1.163 అంటే వాట్-అవర్లు; వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్. 100 లీటర్లు సగటున 35 డిగ్రీలు పెరిగితే దాదాపు 4 యూనిట్లు. ప్యానెల్ 2 చదరపు మీటర్లై, ఆ రోజు చదరపు మీటరుకు 5 యూనిట్ల ఎండ పడితే ప్యానెల్ మీద మొత్తం పడింది 10 యూనిట్లు. అంటే సామర్థ్యం 40 శాతం. ఎండ లెక్క మాత్రం ప్యానెల్ వాలుకు తగ్గది తీసుకోండి, నేలకు సమాంతరంగా కొలిచింది సరిపోదు.

అద్దం తుడవకముందు ఒకసారి, తుడిచాక ఎండ అలాగే ఉన్న రోజున ఇంకోసారి కొలవండి. దుమ్ము ఎంత వేడిని అడ్డుకుంటోందో అప్పుడు కళ్లకు కడుతుంది.