కొత్త కాన్వాస్ షూస్ వేసుకుని టూర్‌కి బయల్దేరుతున్నారా? ముందు వేళ్ల సంగతి చూసుకోండి

పోయిన నెల మా బావగారు టూర్ నుంచి వచ్చి, షూస్ విప్పి కాళ్లు చాపుకుని కూర్చున్నారు. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. చిటికెనవేలి పక్కన పొక్కు చితికి పుండైంది. ఆయనకు చాలా ఏళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గిపోవడంతో మూడు రోజులు ఆ పుండు మీదే నడిచినా పెద్దగా నొప్పి తెలియలేదట. ఇప్పటికీ డ్రెస్సింగ్‌కి తిరుగుతున్నారు. వేసుకున్నవి చూడటానికి మెత్తగా, తేలిగ్గా ఉండే కాన్వాస్ షూస్. కొన్నరోజే వేళ్లకు తగులుతున్నాయని ఆయనకు తెలుసు. "వేసుకుంటే అవే సాగుతాయిలే" అనుకున్నారు.

ఆ 'సాగుతాయిలే' మీదే నా గొడవంతా. సాక్స్ వేసుకోండి, లేసులు కట్టుకోండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

తోలు బూటు కొన్నాళ్లకు కాలి ఆకారానికి వస్తుంది. కాన్వాస్ అంటే దగ్గరగా నేసిన దళసరి నూలు గుడ్డ. వాడగా వాడగా మెత్తబడుతుంది, మడతపడే చోట బిరుసు పోతుంది, పక్కలకు రవ్వంత వదులవుతుంది. పొడవు మాత్రం పెరగదు. పెరగడానికి దారే లేదు. కింద రబ్బరు సోల్ ఉంటుంది, చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, చాలావాటికి వేళ్ల ముందు రబ్బరు టోపీ కూడా ఉంటుంది. గంధకం కలిపిన రబ్బరును వేడితో గట్టిపరిచి గుడ్డను, సోల్‌ను ఒకటిగా అతికిస్తారు. ఆ సోల్ పొడవే మీ షూ పొడవు. పైగా నూలు కదా, వేడినీళ్లలో ఉతికితే ఇంకాస్త ముడుచుకుంటుంది కూడా. కొన్నరోజు వేలికి తగిలింది ఏడాది తర్వాత కూడా తగులుతుంది.

కొనేటప్పుడు

సాయంత్రం కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, టూర్‌లో మీ కాళ్లు ఉండేది అలాగే. రెండు కాళ్లకూ వేసుకుని, నిలబడి చూడండి. చాలామందికి ఒక పాదం కాస్త పెద్దది, కొలత దానికే. అందరికీ బొటనవేలే పొడుగ్గా ఉండదు, కొందరికి పక్కవేలు ముందుకొస్తుంది. ఏది పొడుగైతే దాని ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

ఇన్‌సోల్, అంటే షూ లోపల పాదం కింద ఉండే మెత్త, బయటికొచ్చే రకమైతే దాన్ని తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు పక్కలకు పొర్లుతుంటే ఆ జత మీది కాదు. షాపువాళ్లు ఏమన్నా సరే.

నంబరును నమ్ముకోకండి. బ్రిటిష్ కొలతలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు, యూరోపియన్ కొలతలో సుమారు 6.7. పొక్కు రావడానికి అంత తేడా కూడా అక్కర్లేదు. ఒక కంపెనీ 8 మీకు సరిపోయిందని ఇంకో కంపెనీ 8 సరిపోవాలని లేదు. రెండు నంబర్ల మధ్య ఇరుక్కుంటే పెద్దదే తీసుకోండి. వదులును లేసుతో, ఇన్‌సోల్‌తో సర్దుకోవచ్చు. బిగువుకు మందు లేదు.

నాణ్యత చూడటం తేలికే. షూను వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో కాదు. సోల్ అంచుకూ గుడ్డకూ మధ్య గోరు దూరితే పక్కన పెట్టేయండి. చెయ్యి లోపల పెట్టి కుట్లన్నీ తడమండి. వేలికి గుచ్చుకున్న కుట్టు రేపు పాదాన్ని కరుస్తుంది.

బయల్దేరే ముందు

కనీసం వారం రోజులు ఇంట్లోనే, రోజూ గంటో రెండు గంటలో వేసుకుని తిరగండి. మడమ దగ్గర బిరుసు పోవడానికి ఇది. సైజు పెరగడానికి కాదు, మళ్లీ చెబుతున్నాను. ఇంట్లోనే ఎక్కడో తగులుతుంటే, సోల్ మాయకముందే వెనక్కిచ్చి మార్చుకోండి.

అరికాలి సంగతొకటుంది. వీటి సోల్ చదును, మెత్త తక్కువ. 1917లో వచ్చిన కన్వర్స్ కంపెనీ కాన్వాస్ షూ 'ఆల్ స్టార్'ను తయారుచేసింది బాస్కెట్‌బాల్ కోసమే. ఇవాళ ప్రొఫెషనల్ ఆటగాళ్లు దాన్ని వేసుకుని కోర్టులోకి దిగరు, మనం మాత్రం దాంతో కొండలెక్కుతాం! మడమనొప్పి ఉన్నవాళ్లు రోజంతా నడవడానికి వేరే షూస్ చూసుకోవడం మేలు. లేదూ ఇవే కావాలంటే మెత్తటి ఇన్‌సోల్ వేసుకోండి. అయితే అది లోపల చోటు తినేస్తుంది. కాబట్టి ఇన్‌సోల్ పెట్టి చూశాకే సైజు ఖాయం చేసుకోండి. సరిపోయిన షూలో తర్వాత ఇన్‌సోల్ దూర్చి, బిగుసుకుపోతే "సాగుతాయిలే" అన్నవాళ్లను కూడా చూశాను.

ఇక వరసగా చెప్పేస్తాను.

గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోండి, ప్రయాణానికి రెండు రోజుల ముందే.

మడమ జారుతుంటే పైచివరి రంధ్రాలు వదలకుండా లేసు బిగించండి. ముందువైపు బిగించకండి.

రెండో జత సాక్స్ పైసంచిలో ఉండాలి, పెట్టె అడుగున కాదు.

వానలో తడిస్తే గుడ్డ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, లోపల చర్మం నానిపోతుంది. నానిన చర్మం ఊరికే ఒరుసుకుపోతుంది. తడి షూస్‌తో రెండోరోజు నడవకండి.

హీటర్ పక్కన, పొయ్యి దగ్గర ఆరబెట్టకండి. అతుకు ఊడుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల కాగితాలు కుక్కి నీడలో గాలికి పెట్టండి.

సోల్ గీతలు అరిగి నున్నబడ్డ పాత జతతో తడి టైల్స్ మీద అడుగు పెట్టకండి.

ఒకచోట చురుక్కుమన్న వెంటనే ఆగండి. అక్కడే విప్పి మెడికల్ టేపు అంటించండి. "హోటల్‌కి వెళ్లాక చూద్దాం" అనుకుంటే అప్పటికి పొక్కు తయారవుతుంది.

పొక్కును గిల్లకండి. తోలు పీకకండి.

పిల్లలకు పోయినేడాది జత ఇచ్చి పంపకండి. పెరుగుతారని రెండు సైజులు పెద్దవీ కొనకండి, బోర్లాపడతారు.

వేలికి తగులుతున్న జతను పెట్టెలో పెట్టకండి. సాగవు.

షుగర్ ఉన్నవాళ్లు: వేసుకునే ముందు ప్రతిసారీ షూలో చెయ్యిపెట్టి తడమాలి. రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. ఎర్రబారినా, చర్మం లేచినా నొప్పి లేదని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. మీకు నొప్పి తెలియదు, అందుకే చూసుకోమంటున్నది.

మా బావగారు ఇప్పుడు రోజూ అద్దం పెట్టి చూసుకుంటున్నారు. ఆ షూస్ మాత్రం ఇంకా పారేయలేదు. "పుండు మాననీ, ఇంకొక్కసారి వేసి చూస్తా" అంటున్నారు. ఆయన లేనప్పుడు బయట పడేయమని అక్కకు చెప్పొచ్చాను.