దుఃఖంతో సినిమా: 3వ పాఠం - దృశ్యమే లేనప్పుడు ఏం చూపించాలి?

రెండో పాఠంలో ఇచ్చిన పని పూర్తి చేసి ఉంటే మీ ఫోన్‌లో ఇప్పుడు రెండు మూడు నిమిషాల మీ గొంతు ఉంటుంది. పోయిన మనిషి గురించో, మిమ్మల్ని కుదిపేసిన సంఘటన తర్వాతి రోజుల గురించో ఒకే ఒక్క జ్ఞాపకం. చెబుతుంటే గొంతు పూడుకుపోయిన చోట్లు ఉంటే వాటిని తీసేయకండి. ఎడిటింగ్‌లో వాటితో పని ఉంది.

ఇప్పుడు ఆ గొంతుకు దృశ్యాలు వెతకాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మనిషి కదులుతూ మాట్లాడే వీడియో ఒక్కటీ ఉండదు. ఉన్న ఫొటోల్లో గుంపులో ఎక్కడో వెనకాల నిలబడి ఉంటారు. సంఘటన విషయానికొస్తే, దాన్ని ఎవరూ కెమెరాలో పట్టి ఉండరు.

కంబోడియా దర్శకుడు రితీ పాన్‌కు ఇదే సమస్య ఇంకా పెద్దగా ఎదురైంది. 1975 నుంచి 1979 వరకు అక్కడ సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో, పిల్లవాడిగా ఉండగానే, ఆయన తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. ఆ కాలపు దృశ్యాల్లో మిగిలినవి చాలావరకు పాలకులు తీయించుకున్న ప్రచార చిత్రాలే. ఆకలితో చనిపోయినవాళ్లు వాటిలో ఎందుకుంటారు? అందుకే 2013లో వచ్చిన 'ద మిస్సింగ్ పిక్చర్' కోసం ఆయన మట్టితో చిన్న చిన్న బొమ్మలు చేయించి, రంగులు వేయించి, తన ఇంటివాళ్లను, జనంతో బలవంతంగా పని చేయించిన శిబిరాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఆ బొమ్మలు కదలవు. కెమెరా వాటి మధ్య తిరుగుతుంది, గొంతు కథ చెబుతుంది. చూసేవాళ్లకు అంతే చాలు.

బొమ్మను మీరే ఎక్కడ పెట్టాలో పెడతారు, వద్దనిపిస్తే తీసేస్తారు. బాధాకరమైన జ్ఞాపకం మామూలుగా మన అనుమతి అడగదు. బస్సులోనో, ఆఫీసులోనో, నిద్ర మధ్యలోనో వచ్చి మీద పడుతుంది. సినిమా తీసేటప్పుడు మాత్రం అది ఎక్కడ మొదలవ్వాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ తెగిపోవాలి అన్నది మీ చేతిలో ఉంటుంది. సినిమా చేసే మేలు ఎక్కువగా ఇందులోనే ఉందని నా నమ్మకం. ఏడిపించగలగడం కన్నా ఇది చాలా పెద్ద విషయం.

మీకు బొమ్మలు చేయడం రాకపోయినా ఫర్వాలేదు, వస్తువులున్నాయి. ఆ మనిషి రోజూ ముట్టుకున్న ఒక వస్తువును ఎంచుకోండి. ఖరీదైనదో, అందమైనదో కానక్కర్లేదు. అరిగినదైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ అరుగుదల ఆ చేతులదే. దాన్ని తీసుకొచ్చి శుభ్రమైన బల్ల మీద అలంకరించకండి. ఎప్పుడూ ఉండే చోటే ఉంచి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడే వేళ చూసి తీయండి. ఫోన్‌ను దేనికైనా ఆనించి కదలకుండా పెట్టి, ఒక్కో షాట్ 20 సెకన్లు నడవనివ్వండి. మొదటి ఐదు సెకన్లలో కనిపించేది వస్తువే. ఆ తర్వాత చూసేవాళ్లు మనిషి కోసం వెతకడం మొదలుపెడతారు.

తర్వాత చేతులు. ఆ మనిషి చేసే పనిని ఇప్పుడు ఇంట్లో ఎవరు చేస్తున్నారో వాళ్ల చేతులను మాత్రమే తీయండి, ముఖం వద్దు. ముందుగా వాళ్లను అడగండి. వాళ్ల దుఃఖం మీ దుఃఖంలా ఉండకపోవచ్చు. వద్దంటే వదిలేయండి.

షాట్లన్నీ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం గది చప్పుడు రికార్డు చేసి పెట్టుకోండి. మ్యూజిక్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. అది మీ బదులు తానే ఏడ్చేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రమాదాన్ని గానీ, దాడిని గానీ, చివరి ఘడియలను గానీ మళ్లీ నటించి తీయకండి. అది నటనేనని మీకు తెలిసినా శరీరం నిజమనుకుని వణికిపోవచ్చు. ముందు రోజు చూపించండి, తర్వాతి రోజు చూపించండి.

పని కొద్దికొద్దిగా చేయమనడానికీ కారణం ఉంది. 1986లో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. అయితే జరిగినదాన్నీ అప్పుడు కలిగిన భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో మిగతావాళ్లకన్నా తక్కువసార్లు హెల్త్ సెంటర్‌కు వెళ్లారు. రాయడం వేరు, సినిమా వేరు. అయినా షూటింగ్ రోజు సాయంత్రం దిగులుగా ఉంటే కంగారు పడకండి. ఆ దిగులు రోజుల తరబడి తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా, సంఘటన కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నా కెమెరా పక్కన పెట్టి డాక్టర్‌ను గానీ కౌన్సెలర్‌ను గానీ కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. ఈ పాఠాలు వైద్యానికి బదులు కావు.

ఈ వారం అభ్యాసం: వస్తువుది ఒక షాట్, చేతులది ఒకటి, ఆ మనిషి కూర్చునే ఖాళీ చోటుది ఒకటి. మూడింటినీ ఒకే 15 నిమిషాల్లో ముగించండి. పని అయ్యాక ఫోన్ చేసి మాట్లాడటానికి ఒకరిని ముందే అడిగి పెట్టుకోండి. తీసినవాటిని అదే రోజు చూడకండి. నాలుగో పాఠంలో వీటిని మీ గొంతు పక్కన టైమ్‌లైన్ మీద పెట్టి, గొంతు ఆగిపోయిన చోట ఏ షాట్ ఉండాలో చూద్దాం.