తుపానుకు పేరు పెట్టేదాకా ఆగకండి

2025 నవంబరు ఆఖర్లో దిత్వా తుపాను శ్రీలంకను ముంచింది. ఆరు వందల మందికి పైగా చనిపోయారు. కొండచరియలు విరిగిపడి ఇళ్లకు ఇళ్లే మట్టి కిందకు పోయాయి. గాలి వేగం ప్రకారం అది మన వాతావరణ శాఖ లెక్కలో ఉత్త ‘తుపాను’. తీవ్ర తుపాను కూడా కాదు. పేరు దక్కే వాటిలో అన్నిటికన్నా కింది మెట్టు. దానికి నెల ముందే మనకు మొంథా వచ్చింది. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. హమ్మయ్య, గండం గడిచిందని కోస్తా జనం అనుకున్న మర్నాడు, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి.

మళ్లీ తుపాన్ల కాలం దగ్గరపడుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. టార్చిలైటు, కొవ్వొత్తులు, మందులు, ఫోన్ ఛార్జింగ్ సంగతి మీకు తెలిసిందే, అవి ఇక్కడ రాయను. నేను చెప్పదలుచుకున్నది ఒక్క తప్పు గురించి. హెచ్చరిక వచ్చినప్పుడల్లా తీర మండలాల్లో ఊరూరా తిరిగి చెప్పే పనిలో ఉన్నవాణ్ణి. ఆ తప్పు చేసి జనం చితికిపోవడం కళ్లారా చూస్తున్నాను. పేరు చూసి ప్రమాదాన్ని లెక్కగట్టడమే ఆ తప్పు. పేరు పెట్టకపోతే ‘వాయుగుండమే కదా’ అంటారు. పేరు పెడితే ‘హుద్‌హుద్ అంత కాదులే’ అంటారు. రెండూ ఒకటే.

పేరు ఎప్పుడు పెడతారు

గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నప్పుడే పేరు పెడతారు. 31 నుంచి 49 దాకా ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. వీటికి పేరు ఉండదు. 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, ఇలా 222 దగ్గర సూపర్ సైక్లోన్ దాకా మెట్లున్నాయి. ఈ మెట్లన్నీ గాలికి మాత్రమే. ఎంత వాన పడుతుందో, ఏ కాలువ పొంగుతుందో, ఏ చెరువు కట్ట తెగుతుందో ఈ కొలతలో ఎక్కడా లేదు.

పేరు కూడా ఆ తుపాను స్వభావాన్ని చూసి పెట్టేది కాదు. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో పుట్టే వాటికి ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రం జాబితాలో వరసగా ఉన్న పేరు తీసి పెడుతుంది. 2004లో ఒనిల్‌తో ఈ పద్ధతి మొదలైంది. అప్పుడు 8 దేశాలు ఇచ్చిన 64 పేర్లు 2020 మేలో అంఫన్‌తో అయిపోయాయి. 2020లో 13 దేశాలు తలా 13 చొప్పున 169 పేర్లతో కొత్త జాబితా ఇచ్చాయి. మొంథా అన్న పేరు అలా అయిదేళ్ల ముందే రాసిపెట్టి ఉంది. వరసలో దాని వంతు వచ్చింది, అంతే. కాబట్టి టీవీలో పేరుకు అర్థం చెబుతున్నంతసేపూ మీ ఊరికి పనికొచ్చే సమాచారం ఏదీ రావడం లేదని గుర్తుపెట్టుకోండి.

పేర్ల వల్ల మేలు లేదని నేను అనడం లేదు. ఒకేసారి రెండు తుపాన్లు తిరుగుతున్నప్పుడు సముద్రంలో ఉన్న బోట్లకు ఏది ఏదో తెలియాలి. పేరు అందుకోసం. మీ ఇంటికి ఎంత నీళ్లొస్తాయో చెప్పడం దాని పని కాదు.

పేరు లేనివి చేసిన పని

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర ఒక తీవ్ర వాయుగుండం తీరం దాటింది. పేరు లేదు. ఆ రాత్రి హైదరాబాద్ మునిగింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. పాతబస్తీ వైపు చెరువు కట్ట తెగి కాలనీల మీద పడింది.

2021 నవంబరులో చెన్నై దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. దానికీ పేరు లేదు. నవంబరు 19 ఉదయం రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి, కింద ఉన్న పల్లెలను ఏరు ఊడ్చేసింది. కార్తీక పౌర్ణమి రోజులవి. చెన్నై దగ్గర దాటిందట, మనకేం అనుకున్నవాళ్లే అందరూ.

2024 ఆగస్టు ఆఖర్లో అరేబియా సముద్రంలో ఒక తుపాను పుట్టింది. దానికి అస్నా అని పేరు పెట్టారు. అదే సమయానికి మన వైపు బంగాళాఖాతంలో ఒక వాయుగుండం ఉంది. దానికి పేరు లేదు. కళింగపట్నం దగ్గర తీరం దాటి లోపలికి వచ్చి కుమ్మేసింది. సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌లో మేడ మీదకు ఎక్కి జనం రోజుల తరబడి పడవల కోసం చూశారు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పేరున్నది ఎటో సముద్రంలోకి పోయింది. పేరు లేనిది విజయవాడను ముంచింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచేసిన తుపానుకు పేరు లేదు. 1990 మేలో కృష్ణా తీరాన్ని కొట్టినదానికి, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసినదానికీ లేదు. అప్పటికి మన సముద్రాల్లో ఈ పద్ధతే రాలేదు. ఇవాళ్టికీ ఊళ్లలో పెద్దవాళ్లు ‘దివిసీమ ఉప్పెన’ అనే అంటారు.

పనల మీద వరి

2023 డిసెంబరు మొదట్లో బాపట్ల వైపు ఒక పల్లెలో కౌలు రైతు ఒకాయన గట్టు మీద కలిశారు. వరి కోసి, పనలుగా చేలోనే పరిచి ఉంది. కుప్ప వేసుకోండి బాబాయ్ అంటే, ‘ఇంకా పేరన్నా పెట్టలేదు గదా అబ్బాయ్, వాయుగుండమేనంట. రెండ్రోజులు ఎండితే తేమ తగ్గుద్ది’ అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. తేమ 17 శాతం దాటితే కొనేచోట ధర కోస్తారు. కుప్ప వేస్తే మళ్లీ విప్పి ఎండబెట్టే కూలి అదనం. డిసెంబరు 3న దానికి మిచాంగ్ అని పేరు పెట్టారు. ఊరు మొత్తం ఒకేసారి కదిలింది. ట్రాక్టరు దొరకలేదు. కూలి రెట్టింపు అడిగారు. కొట్లో టార్పాలిన్ పట్టాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. తర్వాత ఆ చేలోకి దిగి ఒక పన ఎత్తి చూశాం. వెన్నుల నిండా తెల్లటి మొలకలు, వేళ్లు ఒకదానికొకటి అల్లుకుపోయి పన మొత్తం చాపలా లేచింది. వడ్లు విడదీయడానికి కూడా రాలేదు. ఆయన ఏమీ మాట్లాడలేదు.

పేరు పెట్టిన తర్వాత ఆయనకు మిగిలింది రెండు రోజులు. మీకూ అంతే మిగులుతుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అందుకే చెబుతున్నాను: అల్పపీడనం (వాయుగుండానికి ముందు మెట్టు) అన్న మాట చెవిన పడగానే మొదలుపెట్టండి. కోయని చేను ఉంటే కోత ఆపండి. కోసినది ఉంటే ఆ రోజే కుప్ప. తడిసిపోతే నీళ్లు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి పనలు తడిసేలా పిచికారీ చేయండి. మొలక ఆగుతుంది. ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో మీ సాగు నమోదైందో లేదో ఇప్పుడే చూసుకోండి. కౌలుదారులు మరీ ముఖ్యంగా. నీళ్లు వచ్చాక ఆ పని అవ్వదు.

పాత పేరుతో పోల్చేవాళ్లకు

మన సముద్రాల్లో ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు. హుద్‌హుద్ మళ్లీ రాదు, తిత్లీ రాదు. కాబట్టి కొత్త పేరు విని పాతదానితో పోల్చుకోవడానికి ఆధారమే లేదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను గాలితో విరిచింది. 2012లో నీలం మహాబలిపురం దగ్గర తీరం దాటి, గాలి చచ్చాక, గోదావరి జిల్లాల్లో వానతో పంట ముంచింది. గాలి తుపానును చూసినవాడు వాన తుపానును చిన్నదనుకుంటాడు. వాన తుపానును చూసినవాడు ఉప్పెనకు మేడ ఎక్కితే చాలనుకుంటాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకో రకంగా వస్తుంది. అట్లాంటిక్‌లో ఆరు జాబితాలు వరసగా తిరుగుతాయి. ఆరేళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది. మరీ విధ్వంసం చేసిన పేర్లను మాత్రమే తీసేస్తారు. కత్రినా, హార్వీ, బెరిల్ అలా పోయాయి. ఇమెల్డా 2019లో టెక్సస్‌లో హ్యూస్టన్ పరిసరాలను ముంచింది. ఆ పేరు తీసేయలేదు. 2025లో మళ్లీ ఇమెల్డా వచ్చింది, అది బెర్ముడా వైపు పోయింది. అదే పేరు, సంబంధమే లేని రెండు తుపాన్లు. ‘ఆ పేరుతో పోయినసారి మాకేం కాలేదు’ అన్న మాట ఎప్పుడూ అనకండి. 2019 ఇమెల్డా హరికేన్ స్థాయికి కూడా చేరలేదు. 2001లో హ్యూస్టన్‌ను ముంచిన ఆలిసన్ కూడా అంతే. ‘హరికేన్ కాదట, స్టార్మేనట’ అని అండర్‌పాస్‌లోకి కారు దింపకండి.

ఇంకోటి. మొంథా మన తీరం దాటిన 2025 అక్టోబరు 28నే అటు జమైకాను మెలిస్సా కొట్టింది. అలాంటి రోజున ఫోన్‌లోకి వచ్చే ప్రతి వీడియో ఎక్కడిదో చూడకుండా పక్కవాళ్లకు పంపకండి. కొబ్బరి చెట్లు రెండు చోట్లా ఉన్నాయి.

‘బలహీనపడింది’ అని చెప్పగానే

ఇదీ పేరు తప్పుకు తోడబుట్టినదే. తుపాను వాయుగుండంగా మారిందంటే గాలి తగ్గిందని మాత్రమే అర్థం. మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడో ఒకచోట దించాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఉత్తరాంధ్ర తీరం దాటింది. బలహీనపడి దేశం అడ్డంగా నడిచి అరేబియా సముద్రంలో దిగి మళ్లీ లేచింది. దానికి షహీన్ అని కొత్త పేరు పెట్టారు. ఒమన్ మీద పడింది. పేరు పోయినా ఆ తుపాను బతికే ఉంది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

పేరు చూడొద్దు, మీ జిల్లాకు వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరిక రంగు చూడండి. ఎరుపు అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటే వాన పడొచ్చని. నారింజ వచ్చినప్పుడే కదలండి.

తీరం ఎక్కడ దాటుతుందన్న ఒక్క ముక్క విని నిశ్చింతగా పడుకోవద్దు. మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది, మునిగింది చెన్నై.

మీ ఊరికి ఎగువన ఏ చెరువు, ఏ వాగు, ఏ ప్రాజెక్టు ఉందో ఈ వారమే కనుక్కోండి. దాని గేట్ల కబురు ఎవరు చెబుతారో ఆ నంబరు రాసి పెట్టుకోండి.

ఓడరేవులో మూడో నంబరు హెచ్చరికే ఎగరేశారు కదా అని వేటకు పోవద్దు. అది పడవలకు హెచ్చరిక, పోవచ్చన్న అనుమతి కాదు.

వేటకు వెళ్లినవాళ్లకు అల్పపీడనం అన్న రోజే కబురు పెట్టండి. పేరు పెట్టాక ఒడ్డుకు చేరే టైము ఉండదు.

పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసినవే ముందు చనిపోతాయి.

గాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటికి రావద్దు. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య, మీ మీదుగా పోతోంది. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది, ఇటు వంగిన చెట్లు అప్పుడు కూలతాయి.

రేకుల ఇల్లయితే చీకటి పడకముందే వెళ్లిపోండి.

ముసలివాళ్లను ముందు తరలించండి, సామాన్లను తర్వాత.

తెగిన తీగ ముట్టుకోవద్దు. కరెంటు లేదని ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు.

జనరేటర్ ఇంట్లో, గ్యారేజీలో పెట్టొద్దు. తలుపు తీసి ఉంచినా సరే. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, తెలియకముందే మనిషి పడిపోతాడు.

పారే నీళ్లలో బండి దింపొద్దు. రోడ్డు అక్కడ ఉందో లేదో పైనుంచి కనపడదు.

పునరావాస కేంద్రానికి వెళ్తే ఆధార్, పాస్‌బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒంటికి కట్టుకోండి.

‘పేరు పెట్టారా?’ అని ఎవరైనా అడిగితే, మన వాగులో నీళ్లు ఎంతున్నాయని తిరిగి అడగండి.

వాన వెలిసిన రాత్రే ఇంటికి బయల్దేరొద్దు. విజయవాడలో ఇళ్లు మునిగింది బుడమేరు ఎగువన పడిన గండ్ల వల్ల. ఎగువ నుంచి నీళ్లు వచ్చి పోయాయని అధికారులు చెప్పేదాకా కేంద్రంలోనే ఉండండి.